ఎవరి చెయ్యి

అంజయ్య ఫోను పట్టుకుని వచ్చేసరికి పరశురాములు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కూతురు నీల అప్పుడే తల్లి నర్సక్కకు కూర గిన్నె ఇచ్చి, పోతూ పోతూ గడప దగ్గర రెండు మాటలు మాట్లాడుతోంది. ఆ రెండు మాటలూ మానుకుని వెళ్లిపోయినా బాగుండేది. వెళ్లలేదు గనక అంతా ఆమె కళ్లముందే జరిగింది.

"ఏందన్నా, నువ్వు సాంచాలు ఎప్పటిసంది నడుపుతున్నవ్?" అన్నాడు అంజయ్య.

సాంచా అంటే సిరిసిల్లలో మరమగ్గం. ఊరు ఊరంతా సాంచాల మోతలోనే లేచి, సాంచాల మోతలోనే పడుకుంటుంది. చేతిమగ్గం వదలని మొండివాళ్లు వాడకొకరు మిగిలితే ఎక్కువ. వాళ్లలో పరశురాములు ఒకడు, అంజయ్య ఒకడు. అందుకే ఆ ప్రశ్నకు పరశురాములు చేతిలో పేక పోగు నేసే నాడె ఆగిపోయింది.

అంజయ్య ఫోనులో ఒక నూలు చీర ఉంది. దాని అంచు పొడుగునా పల్లేరుకాయల వరస. ఆ అంచు పరశురాములుదే. వయసులో ఉన్నప్పుడు గళ్ల కాగితం మీద కళ్లు చెడగొట్టుకుని గీసుకున్నది. చీర మాత్రం అతను నేసింది కాదు, అల్లుడు మనోహర్ షెడ్డులో సాంచా మీద దిగింది. చీర బొమ్మ పైన ఆకుపచ్చటి అరచేతి గుర్తు, దాని పక్కన ‘చేనేత’ అన్న మాట. కింద ‘చేయి: పరశురాములు’.

సాంచా బట్టను చేనేత అని చెప్పి అమ్మేవాళ్లను దొంగలని పదిమందిలో నిలబడి తిట్టిన మనిషి పరశురాములు. ఇప్పుడు ఆ దొంగల వరసలో అతని పేరే కనపడుతోంది. ఆ ఫోను అంజయ్యకు తిరిగిచ్చేశాడు. తర్వాత, నీల అక్కడ లేనట్టే, భార్యతో అన్నాడు.

"నీ బిడ్డనడుగు. నా పేరు ఎవలకమ్మిందో అడుగు."

"బాపూ, చేనేత అని నేను రాయలే," అంది నీల.

"అడుగవే," అన్నాడు అతను, మళ్లీ నర్సక్కతోనే.

ఆ పూట నుంచి కూతురితో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే నర్సక్కకు చెప్పేవాడు, నర్సక్క మూరెడు దూరంలో ఉన్న నీలకు చెప్పేది. తిట్టినా బాగుండునని నీల ఏడ్చింది. తిట్టే మనిషికి జవాబు చెప్పొచ్చు. తనను దొంగ అని నమ్మి ఊరుకున్న తండ్రికి ఏం చెప్పాలి? ఆ మచ్చ పోతే తప్ప తనకు అన్నం సహించదని ఆమెకు తెలిసిపోయింది.

చిక్కేమిటంటే, ‘చేయి’ అన్న చోట తండ్రి పేరు రాసింది నీలే. ప్రేమతోనే రాసింది. నేత ఇళ్లలో మంచి అంచు కంటపడితే "ఇది ఎవరి చెయ్యి?" అని అడుగుతారు. గీసినవాళ్లెవరని దాని అర్థం. ఏ మగ్గం మీద నేశారన్నది వేరే సంగతి. పేరు ఆమె రాసింది, సరే. ఆ అరచెయ్యి, ఆ ‘చేనేత’ ఎవరు తెచ్చి పెట్టారు?

మనోహర్ చీరలకు ఆర్డర్లు వస్తాయని ఆమె తండ్రి అంచులన్నిటినీ పెట్టింది ‘పడుగు’ అనే యాపులో. దాన్ని రాసింది కోరుట్లలో ఉండే ఆమె పిన్ని కొడుకు చందు. ఇది మిగతా యాపుల్లాంటిది కాదని చందు మొదట్లోనే చెవులు చిల్లులు పడేలా చెప్పాడు. పెద్ద కంపెనీల యాపులో ఏం పెట్టినా అది ఆ కంపెనీ కొట్టులోనే ఉండిపోతుందట. ఇది ఎవరి సొత్తూ కాని వల, అంటే నెట్‌వర్క్. నువ్వు పెట్టింది నీ పేరున ఉన్న అరలో ఉంటుంది. ఆ అరలోంచి తీసి చూపించే యాపులు ఎవరైనా రాసుకోవచ్చు. కబుర్ల యాపు కబుర్లే చూపిస్తుంది. అంచులు చూపించాలంటే అంచును అంచుగా గుర్తుపట్టాలి కనక, చందు ‘అంచు’ అని ఒక కొత్త రకం పోస్టే తయారుచేశాడు. బొమ్మకొక గడి, రంగులకొక గడి, నూలుకొకటి, వెడల్పుకొకటి, చేయికొకటి. ఆ గడుల వివరం వలలో అందరికీ కనపడేలా పెట్టాడు. అది చదువుకున్న ఏ యాపైనా ఆ అంచులను తన దగ్గరా చూపించుకోవచ్చు. అప్పట్లో నీలకు ఇదంతా ముచ్చటగానే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, తలుపులన్నీ బార్లా తీసి పడుకున్నట్టుంది.

"ఆర్డర్లు మంచిగనే అస్తున్నయ్ గద. గా గుర్తుతోని నీకేం తక్లీఫ్?" అన్నాడు మనోహర్, నాలుగు రోజుల తర్వాత ఇంట్లో ఆమె ఆ మాట ఎత్తితే.

నీల మొగుడి మొహం వంక తేరిపార చూసింది. దొంగ ఇంట్లోనే ఉన్నాడా అనిపించింది ఒక్క క్షణం. కానీ మనోహర్‌కు ఫోనులో వాయిస్ మెసేజ్ పంపటం తప్ప ఇంకేమీ చేతకాదు. అతన్ని వదిలేసి అనుమానాన్ని చందు మీదికి మళ్లించింది. యాపు రాసినవాడు వాడు. లోపల ఏ గడిలో ఏం మార్చినా అడిగేవాళ్లు లేరు. పైగా వారం కిందట ఫోను చేస్తే "బిజీ ఉన్నక్కా" అని పెట్టేశాడు. ఏం పనులో మరి.

మర్నాడు ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, కోరుట్ల బస్సెక్కింది. చెప్పకుండా పోయింది. చెప్తే సర్దుకుంటాడని అనుమానం.

చందు గది బస్టాండు వెనక ఒక మేడ మీద. ఏదో బయటి కంపెనీకి పనిచేస్తూ, మిగిలిన పొద్దు ‘పడుగు’ మీద పెడతాడు. అక్కను చూసి కంగారుగా లేచి కుర్చీ మీది బట్టలు తీశాడు. ఆ కంగారు కూడా నీల లెక్కలో పడింది. బల్ల మీది కొత్త ఫోను కూడా ఆమె కంటపడింది.

"కొత్తదా?"

"ఈఎంఐల తీసుకున్న. ఏమైందక్కా, గిట్ల చెప్పకుంట వచ్చినవ్?"

నీల అంజయ్య చూపించిన చీరను చూపించింది. చందు దగ్గరగా పెట్టుకుని చూసి, నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండింది.

"నగుతవేందిరా? మా బాపు నా మొఖం చూస్తలేడు."

"ఇది మన యాపు గాదక్క. గీ పచ్చ చెయ్యి మన దాంట్ల లేనేలేదు. చూడు." తన యాపు తెరిచి అదే అంచు చూపించాడు. బొమ్మ, రంగులు, నూలు, చేయి: పరశురాములు. అరచేయి లేదు, ‘చేనేత’ లేదు. "ఇది జగిత్యాలోళ్ల దాంట్లకెల్లి. ‘చీరకొట్టు’ అని ఉన్నది. వాళ్లు మన అంచులను చదువుకుంటున్నరు. చదివి, చేయి గడిల పేరుంటే చాలు, చేతితోని నేసిందనుకున్నట్టున్నరు."

"గట్లెట్లనుకుంటరు? చెయ్యంటే గీసినోళ్లని నువ్వు రాసిపెట్టలేదా?"

చందు తల గోక్కున్నాడు. గడుల వివరంలో ‘చేయి: పేరు’ అని మాత్రమే రాసి ఉంది. అర్థం రాయలేదు. "ఏం రాస్తరక్క? మనందరికి ఎరుకున్నదే గద అనుకున్న. గా గడికి ఏం పేరు పెట్టాల్నని అడిగితే నువ్వే చెప్పినవ్, మా ఇండ్లల్ల ఎవరి చెయ్యి అంటరని."

చెప్పింది. నీలకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు మరింత కోపం వచ్చింది.

"అయితే గా పేరు మార్చు. ‘గీసినోళ్లు’ అని పెట్టు, అయిపాయె."

"మార్చరాదక్క. ఒకపారి బయటికిడిసినంక గడి పేరు మార్చొద్దు. మారిస్తే పాతయన్ని ఎవ్వలికీ అర్థం గాకుంట పోతయ్. కావాల్నంటే కొత్త గడి కలుపొచ్చు. ‘నేత’ అని ఒకటి కలుపుత, చేతిమగ్గమా సాంచానా అని. కాని దాన్ని చదువుడా, ఇడిసిపెట్టుడా, జగిత్యాలోళ్ల ఇష్టం. నేను వాళ్ల మెడ మీద కూసోలేను గద."

అంతా సూటిగానే ఉంది. అంత సూటిగా ఉండటమే నీలకు నచ్చలేదు. వాళ్ల దగ్గర వీడేమైనా తీసుకున్నాడా? తీసుకుంటే వాళ్ల ఊరు, పేరు ఇలా నోరారా చెప్తాడా? చాయ్ తాగి పొమ్మన్నాడు చందు. తాగకుండానే లేచి జగిత్యాల బస్సు పట్టుకుంది.

‘చీరకొట్టు’ మౌనికది. మల్లాపూర్ దిక్కు ఒకప్పటి దొర, మాధవ రావు బిడ్డ. జగిత్యాల టవర్ దగ్గర అద్దాల దుకాణం, దానికి తోడు ఫోనులో ఈ యాపు. నీల తాత ఆ ఇంటి ముందు బట్టల మూట దించుకుని, వాకిట్లోనే నిలబడి, వాళ్లు చూసి పొమ్మంటే పోయేవాడని పరశురాములు చెప్తుండేవాడు. ఆ కథ వింటూ పెరిగిన నీల కొంగు దోపుకుని దుకాణం మెట్లెక్కింది. దొరల ఇంటివాళ్లకు మన పేరు ఎందుకు కావలసి వచ్చిందో నిలదీసి అడగాలనుకుంది.

మౌనిక ఆమెను లోపలికి తీసుకుపోయి కుర్చీ వేసి, మంచినీళ్లు తెప్పించింది. నీల ఆ మర్యాదను కూడా అనుమానంగానే తాగింది.

"మీరొచ్చిందే మంచిగైంది నీలగారూ. నేనే ఫోన్ చేద్దామనుకున్న," అంది మౌనిక. "ఒకామె చీర వాపస్ పంపింది. ఇది హ్యాండ్లూమ్ కాదు, మోసం చేస్తున్నరని గట్టిగ మాట్లాడింది. మరి చేయి అని మీరే రాసిన్రు గద?"

నీల దొంగను పట్టుకుందామని వస్తే, దొంగ ఇంకెవరో కాదు, తానేనని ఇక్కడా తేల్చేసి కూర్చున్నారు.

"చెయ్యంటే గీసినోళ్ల పేరు మేడం. నేసినోళ్లది గాదు. సిరిసిల్లల ఎవ్వల్నడిగినా చెప్తరు."

"సిరిసిల్లల చెప్తరేమో. మా కోడ్ రాసిన అమ్మాయిది హైదరాబాద్. చేయి అని ఉంది, దాంట్లో పేరుంది. ఈయన చేత్తో చేసిండని అనుకుంది. నేనైనా గట్లనే అనుకుంట. చేనేత అన్న మాట కూడా చెయ్యిలకెల్లే గద వచ్చింది."

ఆ మాట నిజమేనని నీలకు తోచింది. తోచినందుకే ఉక్రోషం వచ్చింది.

"ఎరుకైంది గద. ఇగ గా గుర్తు తీసెయ్యిన్రి."

"తీసేస్తం. ఆ అమ్మాయి పెండ్లి అని సెలవు పెట్టింది. వచ్చినంక చెప్త."

"ఎప్పుడస్తది?"

"వస్తది," అని నవ్వింది మౌనిక. మంచి నవ్వే. ఆ నవ్వు వెనక గోడ మీద పెద్ద తెర ఉంది, ‘చీరకొట్టు’ మొదటి పేజీ అందులో కదులుతోంది. పైన ‘మన చేనేత’ అని రంగుల అక్షరాలు, దాని కింద మొట్టమొదట పల్లేరుకాయ అంచు. ఆ గుర్తు ఉన్నందుకే ఆ చీరలు పైకి వచ్చాయి, పైకి వచ్చినందుకే ఆర్డర్లు పెరిగాయి. అమ్మాయి పెళ్లికే పోయిందా, ఈ గుర్తు నాలుగు రోజులు ఎక్కువ ఉంటే బాగుండునని ఈమె అనుకుంటోందా? మొహం చూసి చెప్పే వీలు లేదు. వాపసు వచ్చిన చీర మాట చెప్పినప్పుడు మౌనిక గొంతులో కష్టం నిజంగానే ఉంది. ఆ తెర కూడా నిజంగానే ఉంది. నీలకు ఈ రెండూ ఒకచోట కుదరలేదు.

వేములవాడ మీదుగా బస్సులో వస్తూ ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. చందు ఎప్పుడు గడి కలపాలి, హైదరాబాద్ పిల్ల ఎప్పుడు పెళ్లి ముగించుకుని రావాలి, మౌనిక ఎప్పుడు చెప్పాలి. అర తనది. అరలో ఉన్నది తన చేతిలో పని. తండ్రి అడుగుతున్నదీ అదే కదా, నా పేరు అక్కడ ఎందుకుందని. ఇంటికి రాగానే ఒక్కో అంచునూ తెరిచి, చేయి గడిలోంచి పరశురాములు పేరు తుడిచేసింది. తుడుస్తుంటే ఏదో పాపం చేస్తున్నట్టే ఉంది. అయినా ఆపలేదు. కాసేపటికి ‘చీరకొట్టు’ తెరిచి చూస్తే పచ్చ చెయ్యి పోయింది, ‘చేనేత’ పోయింది. ప్రాణం లేచొచ్చింది నీలకు.

మర్నాడు పొద్దున్నే తల్లిగారింటికి పోయింది. పరశురాములు పోగు అతుకుతూ తల ఎత్తలేదు. నీల అతని ముందు కూర్చుని, జరిగినదంతా చెప్పింది. కోరుట్ల చెప్పింది, జగిత్యాల చెప్పింది, ఒక్క మాట ఎవరు ఎలా చదివారో చెప్పింది. తండ్రి వింటున్నాడని అతని వేళ్లు నెమ్మదించటం చూసి తెలుసుకుంది.

"ఇగో, తీసేసిన. నువ్వే చూడు బాపూ." ‘చీరకొట్టు’ అతని ముందు పెట్టింది. గుర్తు లేదు, పేరు లేదు.

పరశురాములు చూశాడు. భార్య వైపు తిరిగాడు. "ఇది దొరోళ్ల దుకాణం. నీ బిడ్డ దాంట్ల ఏమున్నదో అది చూపియ్యమను."

నీల ‘పడుగు’ తెరిచింది. పేరు తుడిచాక ఆమె జగిత్యాల యాపునే చూసుకుంది గానీ తన దాన్ని తెరవనే లేదు. పల్లేరుకాయ అంచు వచ్చింది. రంగులు, నూలు, వెడల్పు. చివరి వరసలో, ఖాళీ గడి చూసి యాపు తనంతట తాను వేసుకున్న మాట ఒకటి ఉంది.

‘చేయి: తెలియదు.’

పరశురాములు ఆ రెండు మాటలనూ నిదానంగా చదువుకున్నాడు. తర్వాత కూతురి మొహంలోకి చూశాడు.

"తెల్వదా?" అన్నాడు. మధ్యలో నర్సక్క లేదు. "నీకు సుత తెల్వదా?"

"నేను రాయలే బాపూ. ఖాళీగ పెడితే గదే ఏసుకున్నది."

"గదే ఏసుకున్నది." ఆమె మాటనే ఆమెకు అప్పజెప్పాడు. "మొన్న చేనేత అని అదే ఏసుకున్నది. ఇయ్యాల తెల్వదని అదే ఏసుకున్నది. నా పేరైతే నువ్వే తీసినవ్ గద? ఎందుకు తీసినవ్? రేపు ఆడ నీ పేరు పెట్టుకుందామనా?"

ఇన్ని రోజులూ మాట్లాడితే చాలనుకున్న తండ్రి మాట్లాడాడు, ఈ మాట మాట్లాడాడు. నీలకు కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటితోపాటే కోపమూ వచ్చింది. కోరుట్ల పోయింది, జగిత్యాల పోయింది, అనుమానించాల్సిన వాళ్లనూ అక్కర్లేని వాళ్లనూ అనుమానించింది. ఆ గడి తెరిచి ఫోను అతని చేతిలో పెట్టింది.

"నన్ను నమ్మకు. నువ్వే రాయి. ఏం రాయాల్ననిపిస్తే అది రాయి."

"నాకు గవి కొట్టరావు."

"గీ మైకు బొమ్మ ఒత్తి నోటితోని చెప్పు. చెప్పింది చెప్పినట్టు ఏసుకుంటది."

పరశురాములు ఫోనును కొంచెం దూరంగా పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. పంచాయితీలో నిలబడి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"గీసింది పరశురాములు. నేసింది సాంచా. చెయ్యి కాదు."

అక్షరాలు తెర మీద ఒక్కొక్కటే పడ్డాయి. "చదువు," అన్నాడు నర్సక్కతో, నీలతో కాదు. నర్సక్క కూడబలుక్కుని చదివింది. ‘గీసింది పరశురాములు నేసింది సంచి చెయ్యి కాదు.’

"సంచి ఏందే? సూసినవా, ఇది మల్ల తన పైత్యం పెడుతాంది."

నీలకు ఏడుపులోనే నవ్వొచ్చింది. సంచిని సాంచా చేసి, మళ్లీ తల్లితో చదివించి, గడిలో సేవ్ చేసింది. చేసిన తర్వాత గానీ ఆమెకు తట్టలేదు. ఆ గడిలో ఒక్క పేరే ఉండాలని ఎవరూ అనలేదు. అందరూ పేరే రాస్తారనుకున్నారు, అంతే. అక్కడ ఎవరు ఏం రాస్తే అది, దాన్ని చదివే ప్రతి యాపులోనూ అలాగే పడుతుంది.

పరశురాములుకు అది చాలలేదు. "అంజయ్యను పిలువు," అన్నాడు. "నీ ఫోను నీ మాటే వింటది. వాని ఫోన్ల ఏం కనవడుతదో సూడాలె."

అంజయ్య చేతికంటిన నూలు దులుపుకుంటూ వచ్చాడు. నిలబడే ‘చీరకొట్టు’ తెరిచాడు. మొదట మొహం విప్పారింది. "పచ్చ చెయ్యి మల్ల అచ్చిందన్నా. చేనేత అనే ఉన్నది."

"కింద?"

అంజయ్య కింద చదివాడు. ఒకసారి మనసులో చదువుకుని, తర్వాత గట్టిగా చదివాడు. "చేయి: గీసింది పరశురాములు నేసింది సాంచా చెయ్యి కాదు." గడి నిండగానే ఆ యాపు మళ్లీ పైన వేసేసుకున్న ‘చేనేత’ వంక, కింద ఉన్న మాటల వంక మార్చి మార్చి చూశాడు. ఎప్పుడూ ఒక ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంచుకునే మనిషి, ఆ పూట ఊరికే ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పైన వాళ్లేమన్న రాసుకోనీ," అన్నాడు పరశురాములు. "చదువచ్చినోడు కింద చదువుకుంటడు."

జగిత్యాలలో ఆ గుర్తు ఇంకా ఎన్నాళ్లుంటుందో, మౌనిక దాన్ని తీయిస్తుందో లేదో నీలకు తెలియదు. ఇప్పటికీ నమ్మకం లేదు. అంజయ్య వెళ్లిపోయాక ఆమె లేవబోయింది. పరశురాములు ఫోను ఆమె చేతికి ఇవ్వలేదు. మగ్గం గుంటలో కాళ్లు సర్దుకుని, మైకు బొమ్మ ఎక్కడుందో వేలితో వెతుక్కుంటున్నాడు.

"ఇంకో అంచు తియ్యి, బిడ్డా," అన్నాడు.